చామంతి మడిలో చుట్టాలు

చొప్పదండికి ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ ఊళ్లో లింగమూర్తి ఇల్లెక్కడ అని అడిగితే జనం కాసేపు ఆలోచిస్తారు. సూది మూర్తి ఇల్లు అంటే మాత్రం చేయి చాపి చూపిస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన పశువులకు చూడి సూది వేసే గోపాలమిత్ర. చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో ఏ బర్రె ఎదకొచ్చినా, ఏ ఆవు చూడి నిలవకపోయినా ఆయనకే ఫోను. మోటారుసైకిలు వెనక ఆంబోతు వీర్యం నిలవుంచే, పొగలు కక్కే నత్రజని డబ్బా కట్టుకుని వెళ్తాడు. పని ముగించి, మోచేతి పైదాకా సబ్బుతో కడుక్కుని, రిజిస్టరు తీసి తేదీ, బర్రె యజమాని పేరు, ఆంబోతు నంబరు రాసుకుంటాడు. రాసుకోవడంలో ఆయనకు ఎక్కడలేని శ్రద్ధ. ఏ దూడకు తల్లి ఎవరు, తండ్రి ఏ నంబరు, అది పెరిగి పెద్దదయ్యాక ఎన్ని లీటర్లు ఇస్తోంది, అన్నీ అందులో ఉంటాయి. ఈ మనిషికి సొంత చుట్టాల కంటే బర్రెల చుట్టరికాలే ఎక్కువ తెలుసునని భార్య బాలలక్ష్మి అంటుంది.

అటువంటివాడు యాభై రెండో ఏట పువ్వుల్లో పడ్డాడు.

అది కరీంనగర్‌లో అక్క కిష్టవ్వ కూతురి పెళ్లిలో మొదలైంది. లగ్గం ఇంకా గంట ఉందనగా లింగమూర్తి స్టేజీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. స్టేజీ అలంకరణ చేసేది దేవదాస్ అని, నడివయసు మనిషి. పొడుగాటి కాడల తెల్ల చామంతులను కుండీల్లో గుచ్చుతూ, వాడిపోయినవాటిని తీసి వెనక్కి విసురుతూ, నోట్లోనే ఎవరినో తిడుతున్నాడు.

"తలలు ఏలాడేసినయేందన్నా?" అని అడిగాడు లింగమూర్తి.

"బెంగుళూరుల కోసిన్రు, బస్సుల ఎక్కిచ్చిన్రు. గీడికొచ్చేసరికి పానం పోయింది."

"మా దిక్కు చామంతులకు కరువా? మా ఊళ్లెనే నాలుగెకరాలేసిన్రు."

"మీ చామంతికి కాడ ఏదన్నా?" దేవదాస్ పని ఆపి తిరిగాడు. "తలకాయలు తెంపి సంచిల పోసి కిలోల లెక్క అమ్ముతరు. దండ గుచ్చుకోవాలె, అంతే. నాకు మోచేయంత కాడ గావాలె. కుండీల పెడితే నిటారుగ నిలబడాలె. నాలుగు దినాలు మొఖం వాడొద్దు. గసొంటిది ఉంటే తే, కండ్లకద్దుకొని తీసుకుంట."

లింగమూర్తి భోజనాల పంక్తిలో కూర్చున్నాడు గానీ ఏం తిన్నాడో ఆయనకు తెలియదు. నాటు ఆవు ఎండకు తట్టుకుంటుంది, పాలివ్వదు. సీమ ఆవు పాలిస్తుంది, ఎండకు పడిపోతుంది. రెంటినీ కలపడమే కదా తను ఇన్నాళ్లూ చేసింది. పువ్వుకు మాత్రం వేరే న్యాయం ఎందుకుంటుంది? చేతులు కడుక్కుని నేరుగా స్టేజీ వెనక్కి పోయి, పారేసిన కుప్పలోంచి ఆకు పచ్చగా ఉన్న నాలుగు కాడలు ఏరి, తడి రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక ఇసుకలో గుచ్చితే వాటిలో రెండింటికి వేళ్లు వచ్చాయి. అలా బెంగళూరు సంబంధం ఖాయమైంది.

రెండో పక్షం అత్తగారింటి నుంచి వచ్చింది. అత్త బుచ్చవ్వ పుట్టిందీ ఉంటున్నదీ ముథోల్ దగ్గర పల్లెలో, ఒకే ఇంట్లో. బాసర వంతెన మీద గోదావరి దాటి పోవాలి. ఆమె గిన్నెలు తోమే బండ పక్కన ఒక పచ్చ చామంతి పొద ఉంది. ఎవరు నాటారో లింగమూర్తి ఎన్నడూ అడగలేదు. అంట్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలం ఎండిపోతుంది, వానలకు మళ్లీ లేస్తుంది. పువ్వు మాత్రం రూపాయి బిళ్లంత. రేకులు గట్టివి, గిల్లితే కరకరలాడతాయి.

బుచ్చవ్వ పాతకాలపు మనిషి. అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. ఎవరూ లేకపోతే బర్రె అయినా ఉండాలి. అల్లుడు పార పట్టుకుని పొద దగ్గర కూర్చుంటే మూడడుగుల దూరంలో నిలబడి కూతురితో అంది: "బాలా, గీ పిచ్చి చామంతితోని అల్లునికేం పనంట? బజార్ల మంచియి దొరుకుతలేవా?"

"అత్తకు చెప్పు, ఇది మంచి జాతి," అన్నాడు లింగమూర్తి, మట్టిని చూస్తూ.

"చెప్పేదేమున్నది, ఇనబడుతనే ఉన్నది," అంది బాలలక్ష్మి.

మొదటి ఏడు పని చెడింది. చలికాలంలో రెండు రకాలూ పూశాయి. కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన కూతురు నవనీత సామానులోంచి కంటి రెప్పలకు రంగు పూసుకునే బ్రష్ తీసుకుని, లింగమూర్తి ప్రతి పువ్వు మీదా దులిపాడు. గింజ ఒక్కటి పట్టలేదు. ఆ బ్రష్ తిరిగి పెట్టెలో పెట్టేశాడు గానీ కడగలేదు. నవనీత స్నేహితురాలి పెళ్లికి తయారై, దారి పొడుగునా తుమ్ముతూ వెళ్లింది.

మరుసటి నెల చొప్పదండిలో రైతులకు పూలతోటల మీద పాఠం చెప్పడానికి ప్రజ్ఞ అనే శాస్త్రవేత్త వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. అందరూ పురుగుమందుల గురించి అడిగి వెళ్లిపోయాక లింగమూర్తి తన సంగతి చెప్పుకున్నాడు.

"ఒకే మొక్కల పువ్వు మీదికెల్లి పువ్వు మీదికి రుద్దిన్రా?" అని అడిగింది ఆమె.

"అది గుడ రుద్దిన. ఇది దానికి, దానిది దీనికి, అంత కలిపే రుద్దిన."

"చామంతి తన పుప్పొడి తను తీసుకోదు సార్. బయటిదే కావాలె దానికి."

"మంచి సంస్కారమున్న చెట్టు మేడం," అన్నాడు లింగమూర్తి మనస్ఫూర్తిగా.

ప్రజ్ఞ నవ్వు ఆపుకుని, ఒక పువ్వు తీసి చూపించింది. చుట్టూ ఉన్న రేకులే ఆడవి. రేకులను కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే అడుగున చీలిన సన్నటి నాలుకలు బయటపడతాయి. అవి తడితడిగా మెరిసే రోజు చూసి, వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. ఆ వెంటనే కాగితపు సంచి తొడగాలి, లేకపోతే తేనెటీగ వచ్చి లెక్కంతా తారుమారు చేస్తుంది.

"మెరిసే దినం అంటే, ఎదకొచ్చినట్టు."

"అట్లనే అనుకోండ్రి."

ఇక ఆయనకు ఎవరూ ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది. ఎద కనిపెట్టడంలో ఆ మండలంలో ఆయనను మించినవాడు లేడు. తరువాతి చలికాలం పొద్దున్నే చిన్న కత్తెర పట్టుకుని మడిలో కూర్చుని పువ్వులకు వరసగా గుండ్లు కొట్టాడు. గోడ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న నాగయ్య చూశాడు. ఆయన లింగమూర్తికి వరసకు కాక.

"ఏం మూర్తీ, పూలకు పుట్టెంట్రుకలు తీపిస్తున్నవా? ఏ దేవునికి మొక్కినవు?"

"కాకా, జర దూరం కూసో. నీ చుట్ట బూడిద పడితది."

మిర్చి బజ్జీలు కట్టిచ్చే కాగితపు సంచులు తెచ్చి తొడిగితే నూనె వాసనకు చీమలు పట్టాయి. వాటిని తీసి వెన్న కాగితం తొడిగాడు. ఆ చలికాలం చివర, ఎండిన తలలను గుడ్డ మీద నలిపితే రెండు వందల పన్నెండు గింజలు తేలాయి. ఆవగింజ వాటి ముందు గుమ్మడికాయ. మొలిచినవి నూట ముప్పై ఏడు. కరీంనగర్ ఎండలకు, బర్రెల కొట్టం చూరు కింద తడి గోనెల నీడన ఉంచినా, జూన్ నాటికి మిగిలినవి తొంభై నాలుగు.

ప్రతి మొక్కకూ ప్లాస్టిక్ చీటీ మీద నంబరు వేశాడు. రెండు వానలు పడేసరికి సిరా కడుక్కుపోయి చీటీలన్నీ తెల్లబోయాయి. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన పిల్లలే గానీ ఒకదానికీ ఇంకొకదానికీ పోలిక లేదు. ఆకు వేరు, ఎత్తు వేరు, మొగ్గ వేరు. అంకెలు మళ్లీ వేసినా ఆయన బుర్రలో నిలవలేదు. ఇన్నేళ్లుగా ఆయన బర్రెలను యజమానుల పేర్లతోనే గుర్తుపెట్టుకున్నాడు. ఇవీ తన సొంతవే కాబట్టి సొంతవాళ్ల పేర్లే పెడదామనుకున్నాడు. పాత నూనె డబ్బా రేకు ముక్కలు చేసి మేకుతో పేర్లు గీశాడు. తన వైపు, బాలలక్ష్మి వైపు కలిపి చుట్టాలు తొంభై మంది తేలారు. తక్కువపడిన నాలుగింటికీ ఆంబోతుల నంబర్లు పెట్టాడు.

అందులో ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. మొక్కను చూస్తే ఎవరు గుర్తొస్తే ఆ పేరు పెట్టాడు, అంతే. తరువాత రోజూ సాయంత్రం రిజిస్టరు పట్టుకుని మడిలో తిరుగుతూ, చూసింది చూసినట్టు రాసుకున్నాడు.

దీపావళి వచ్చింది. వాళ్లింట్లో కేదారేశ్వరుని నోము. మరునాడు మధ్యాహ్నం భోజనానికి రెండు వైపుల చుట్టాలూ దిగారు. నిజామాబాద్ నుంచి బామ్మర్ది లక్ష్మీరాజం, కరీంనగర్ నుంచి కిష్టవ్వ, ముథోల్ నుంచి బుచ్చవ్వ, ఇంకా ఎందరో. తిన్న తరువాత మగవాళ్లు వసారాలో పత్తాలాటకు కూర్చున్నారు. పాయింట్లు రాసుకోవడానికి లక్ష్మీరాజానికి కాగితం కావాల్సి వచ్చింది. అల్మరాలో పొడుగాటి పుస్తకం కనిపిస్తే తెచ్చి, ఖాళీ పేజీ కోసం తిప్పుతూ, ఒకచోట ఆగిపోయాడు.

"ఇదేంది? నాగయ్య కాక పేరున్నది." పైకి చదివాడు. "నాగయ్య. మొగ్గలు నూరు. ఇచ్చుకునేటియి రెండు. మిగిలిన టైమంత ఊకెనే నిలబడుతది."

వసారా గొల్లుమంది. నాగయ్య కూడా నవ్వాడు, ఎవరో సరదాకు రాశారనుకుని.

"కిష్టవ్వ. కాండం చూస్తె గట్టిగనే ఉన్నది. కోసి చూస్తె లోపల బోలు." లక్ష్మీరాజానికి హుషారు వచ్చింది. "శ్యాంసుందర్. దూరంకెల్లి బ్రహ్మాండం. నీళ్లల్ల పెట్టిన రెండో దినమే తలకాయ ఏలాడేసింది." శ్యాంసుందర్ అంటే లింగమూర్తికి సడ్డకుడు, బాలలక్ష్మి చెల్లెలి భర్త. దుబాయిలో ఉంటాడు. ఆయన భార్య అక్కడే తమలపాకులు చుడుతోంది. చేతిలోది కింద పెట్టేసింది.

లక్ష్మీరాజం పేజీ తిప్పాడు. ఈసారి వెంటనే చదవలేదు. నాగయ్య ఆ పుస్తకం లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, ఒక్కో మాట విడివిడిగా చదివాడు. "లక్ష్మీరాజం. ఎత్తు మస్తున్నది. పక్కోని మీద వాలుతది. కట్టె పాతి కట్టినా మల్ల పక్కోని మీదనే వాలుతది. పీకెయ్యాలె."

అప్పుడు బర్రెకు నీళ్లు పెట్టి లోపలికి వస్తున్న లింగమూర్తికి, తన ఇంట్లో ఇరవై ఏడు మంది ఒకేసారి మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి అనిపించింది.

"బావా," అన్నాడు లక్ష్మీరాజం నెమ్మదిగా. "నేనెవరి మీద వాలిన?"

"తమ్మీ, నేను బోలా?" అంది కిష్టవ్వ.

లింగమూర్తి నోరు తెరిచేలోపు లోపలి గదిలోంచి బుచ్చవ్వ గొంతు వినిపించింది. "బాలా, నా గురించి ఏం రాసిండో సదివిపియ్యి."

వద్దని బాలలక్ష్మి కళ్లతో సైగ చేస్తూనే ఉంది. నాగయ్య అప్పటికే పేజీ వెతికేశాడు. "బుచ్చవ్వ. పొట్టిది. అందరు పూసిన్రు, ఇది ఇంక మొగ్గనే ఎయ్యలే. జాగంత తనే పట్టుకున్నది. వచ్చే మంగళారం పీకెయ్యాలె."

"అవి చామంతులు," అన్నాడు లింగమూర్తి. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అందరినీ వెనక మడి దగ్గరికి తీసుకుపోయి రేకు ముక్కలు చూపిస్తే గానీ గొడవ సద్దుమణగలేదు. సద్దుమణిగి ఇంకొక రకం గొడవ మొదలైంది. ప్రతివాళ్లూ వంగి, తమ పేరు వెతుక్కుని, ఆ మొక్కను కిందికీ పైకీ చూసుకున్నారు. ఆ తరువాత పక్కవాళ్లది చూశారు.

"కాకకు ఎండ తగిలే జాగ ఇచ్చినవు, నన్నేమో గోడ నీడకు పెట్టినవు," అంది కిష్టవ్వ. "బోలు కాక ఏమైతది?"

లక్ష్మీరాజం కొట్టంలోంచి వెదురు బద్ద తెచ్చి, తన మొక్కను నిటారుగా నిలబెట్టి, మూడు చోట్ల తాడు కట్టాడు. అరగంటలో అది తాడుతో సహా పక్కకు ఒరిగింది. పక్కనున్నది శ్యాంసుందర్.

ఆ రోజు నుంచి లింగమూర్తికి మనశ్శాంతి లేదు. పనికిరాని మొక్కలు పీకేస్తేనే పనికొచ్చేది తేలుతుంది. బర్రెల్లో అయితే అమ్మేస్తారు. ఇక్కడ పీకడానికి చేయి వేస్తే ఫోను మోగేది. దుబాయి నుంచి శ్యాంసుందర్ వీడియో కాల్ చేసి, "అన్నా, జర ఫోను కిందికి పట్టు, నన్ను చూపియ్యి," అనేవాడు. కిష్టవ్వ కరీంనగర్ నుంచి ఎరువు సంచి పంపింది, తన ఒక్క మొక్కకే వేయాలని చెప్పి మరీ. ఒకరోజు ఎవరిదో దూడ వచ్చి నాగయ్య మొక్కను సగం తినేస్తే, ఆయన మూడు రోజులు ఒళ్లు బాగాలేదని మంచం దిగలేదు. మంగళవారాలు రెండు గడిచాయి. ఒక్క మొక్క కదలలేదు.

చివరికి బాలలక్ష్మి పూనుకుంది. మొగుడు బర్రెల పని మీద వెళ్లినప్పుడు తొంభై డబ్బాలు, సంచులు పోగేసింది. చుట్టాల పేరున్న ప్రతి మొక్కనూ వేరు మట్టితో తవ్వి, డబ్బాలో పెట్టి, పేరు రేకు గుచ్చింది. పనికొస్తాయని ఆయన చుక్క పెట్టుకున్న ఆరింటికి మాత్రం ఒక్కో పిలక తీసి మడిలోనే ఉంచింది. మిగతావన్నీ వచ్చినవాళ్లతో, పోయినవాళ్లతో, బస్సు డ్రైవర్లతో ఎవరిది వాళ్లకు పంపేసింది.

"ఎవరి చెట్టు వాళ్లే సాదుకుంటరు. ఇగ నీకు ఫికర్ లేదు," అంది.

ఒక్క బుచ్చవ్వే తీసుకోలేదు. "నన్ను పీకుతనన్నడట గద, పీకుమను," అని కూతురికి ఫోనులో చెప్పి పెట్టేసింది. ఆ మాట విన్నాక, బాలలక్ష్మి మడి మూలన తిరిగి నాటిన ఆ మొక్క మీద చేయి వేసే ధైర్యం లింగమూర్తికి లేకపోయింది. కనీసం పేరు రేకైనా తీసేద్దామనుకున్నాడు గానీ, అదీ చేయలేదు. ఆ మూలకు పోవడమే మానేశాడు.

డిసెంబరు మూడో వారంలో, చలి ముదిరినప్పుడు, బాలలక్ష్మి పిలిచింది. "ఇగో, మా అవ్వను చూసినవా?"

చూశాడు. అందరూ పూత మీద పడి ఎదగడం ఆపేసిన రోజుల్లో అది ఆగకుండా ఎదిగింది. ఆయన నడుం దాటి నిలబడింది. కాడ చిటికెన వేలంత లావు, ఎక్కడా వంపు లేదు. ఒక్కో కాడకు ఆరేడు పువ్వులు. పసుపులో కుంకుమ కలిపి అరచేత్తో రుద్దినట్టు ఉంది రంగు, అంచులకు వచ్చేసరికి పసుపుపచ్చగా వెలుగుతోంది. రేకు గిల్లితే కరకరలాడింది. లింగమూర్తి అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. రిజిస్టరులో ఆ పేజీ తెరిచి, తను రాసింది చదువుకుని, కొట్టేయాలని పెన్ను తీశాడు. ఇన్నేళ్లలో రిజిస్టరులో కొట్టివేత లేదు. అందుకని కింద ఇంకో లైను రాశాడు: "ఆలస్యం చేసుట్ల తప్పు లేదు. తప్పు రాసినోనిది."

ఒక కాడ కోసి స్టీలు గ్లాసులో పెట్టి టీవీ మీద ఉంచాడు. క్రిస్మస్ దాటింది, సంవత్సరం మారింది, పువ్వు వాడలేదు. పంతొమ్మిదో రోజున కింది ఆకు ఒకటి పసుపుబారింది. బాలలక్ష్మికి ఆ గ్లాసుతో అవసరం పడి తీసేసింది గానీ లేకపోతే ఇంకెన్నాళ్లు ఉండేదో.

జనవరి చివర హుజూరాబాద్‌లో దేవదాస్‌కు ఒక పెళ్లి స్టేజీ ఉందని తెలిసి, ఉన్న ఇరవై రెండు కాడలూ కోసి, తడి గోనెలో చుట్టి నత్రజని డబ్బా పక్కన కట్టుకుని వెళ్లాడు. దేవదాస్ గుర్తుపట్టలేదు. పెళ్లిళ్లలో ఉచిత సలహాలిచ్చేవాళ్లు ఎందరో. అయినా రెండు కుండీలకు తక్కువ పడి, వెనక వరసలో గుచ్చాడు. మధ్యాహ్నం ఎండ ఎక్కేసరికి ముందు వరసలో తెల్లవి ఒక్కటొక్కటే తలలు దించాయి. ఫోటోల టైముకు దేవదాస్ వెనక కుండీలను ముందుకు లాగాడు. సాయంత్రం మండపం విప్పేటప్పుడు పెళ్లివారి ఆడవాళ్లు వచ్చి ఆ కాడలన్నీ ఏరుకుని ఇళ్లకు పట్టుకుపోయారు.

"ఏం పేరన్నా దీనికి?" అని అడిగాడు దేవదాస్.

"బుచ్చవ్వ."

"నీ పేరు గాదు, పువ్వు పేరు."

"నా పేరు బుచ్చవ్వ ఎట్లయితది? పువ్వు పేరే."

"సరే. ఎన్ని బుచ్చవ్వలున్నయ్?"

"ఒక్కతే."

దేవదాస్ దీర్ఘంగా ఊపిరి వదిలి, ఫోను నంబరు రాసుకున్నాడు.

ఆ తరువాత రెండేళ్లు తొందరపడకుండా సాగాయి. పిలకలు విడదీసి, కొమ్మ ముక్కలు నాటి, ఒకటి నలభై అయింది, ఆ నలభై కాస్తా ఆరు వందలయ్యాయి. ప్రజ్ఞ వచ్చి స్కేలుతో కాడ కొలిచింది, రేకులు లెక్కపెట్టింది, మొక్క మొక్కకూ తేడా ఉందేమోనని వంగి వంగి చూసింది. తేడా లేదు. రైతు రకంగా రిజిస్టరు చేయించుకొమ్మని దరఖాస్తు కాగితాలు కూడా ఆమే తెచ్చింది. అందులో తల్లిదండ్రుల పేర్లు అని ఒక చోట అడిగారు. లింగమూర్తి తన తండ్రి పేరూ తల్లి పేరూ ఇంటిపేరుతో సహా రాశాడు. పువ్వువి అడిగారని ప్రజ్ఞ చెబితే, పువ్వు తల్లి అంట్ల బండ దగ్గరిదనీ తండ్రి పెళ్లి పందిట్లో దొరికినవాడనీ రాయడం బాగుంటుందా అని అడిగాడు.

రకం పేరు దగ్గర ఆగిపోయాడు. తన పేరు పెట్టించాలని లక్ష్మీరాజం నాలుగుసార్లు ఫోను చేశాడు. ఆయన మొక్క నిజామాబాద్ మేడ మీద పక్కింటి వాళ్ల పిట్టగోడకు ఆనుకుని బ్రహ్మాండంగా పూస్తోందట. లింగమూర్తి ఎవరికీ మాటివ్వలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పది కాడలు గోనెలో చుట్టుకుని, ఒక్కడే ముథోల్ బస్సెక్కాడు.

బుచ్చవ్వ బండ దగ్గర గిన్నెలు తోముతోంది. చుట్టూ మనిషి లేడు, బర్రె మేతకు పోయింది. కొంగు సర్దుకుని అటు తిరిగింది. లింగమూర్తి చేసేది లేక బాలలక్ష్మికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, బండ మీద ఆనించాడు.

"అత్తను అడుగు, పువ్వుకు ఆమె పేరు పెట్టాల్నని ఉన్నది. గవర్నమెంటు కాగితం మీద. పెట్టుమంటదా?"

బుచ్చవ్వ ఫోను వైపు వంగింది. "బజార్ల నా పేరు పెట్టి కట్ట ఇంత అని అరుస్తరా, అడుగు."

"అరుస్తరు," అన్నాడు లింగమూర్తి.

"తక్కువకు అడిగితె ఇయ్యద్దని చెప్పు."

"అవ్వా, మీరిద్దరు పక్కపక్కనే ఉన్నరు గదనే," అంది ఫోనులోంచి బాలలక్ష్మి. "పొయ్యి మీద కూర మాడుతున్నది." పెట్టేసింది.

బుచ్చవ్వ చేతులు కడుక్కుని, గోనె విప్పి, ఒక కాడ తీసి వెలుగుకు పట్టింది. గిల్లి చూసింది.

"అల్లుడా," అంది, మొదటిసారి. "పొట్టిదన్నవట గద."

"తప్పయింది అత్తా."

"తప్పేమున్నది. నేను పొట్టిదాన్నే. గని గిది నా మీదికెల్లి రాలే, మా అవ్వ మీదికెల్లొచ్చింది. గీ పొద మా అవ్వ పెట్టింది. ఆమె ఈ ఇంట్ల అందరికన్న ఎత్తు." కాడను గోనె మీద పెట్టింది. "ఆమె పేరు మాత్రం పెట్టకు. గంగుబాయంటె ఈ ఊరంత ఇంక భయపడుతది. నా పేరే బరోబరుంటది. కూసో, చాయ్ పెడత."

కాగితం మీద పేరు ఎక్కడానికి ఇంకా సమయం పడుతుందని ప్రజ్ఞ అంటోంది. ఎక్కినా ఎక్కకపోయినా కరీంనగర్ నుంచి హుజూరాబాద్ దాకా స్టేజీలు కట్టేవాళ్లు డిసెంబరు వస్తే లింగమూర్తికి ఫోను చేసి, ఎన్ని బుచ్చవ్వలు పంపుతవన్నా అని అడుగుతున్నారు. లోపాలూ లేకపోలేదు. దీపావళికి పూయదు, ఎంత బతిమాలినా డిసెంబరే. పేనుబంక పురుగు తొందరగా పడుతుంది. రెండో లోపం పోగొట్టడానికి ఆయన మళ్లీ కత్తెర పట్టాడు. ఈసారి చీటీల మీద అంకెలే, అవీ మేకుతో గీసినవి. నవనీత తన బ్రష్‌లన్నీ హాస్టల్‌కు పట్టుకుపోయింది.

పోయిన నెల చొప్పదండిలో ఒక పెళ్లికి బుచ్చవ్వ వచ్చింది. స్టేజీ నిండా ఆమె పేరుదే పువ్వు, నాలుగు వందల కాడలు. ఎవరూ చూపించకముందే మెట్లెక్కి, ఒక కుండీ ముందు నిలబడి, లోపలికి తొంగి చూసి దేవదాస్‌ను పిలిచింది.

"ఆకులు నీళ్లల్ల మునిగినయి. కుళ్లుతయి. కిందియన్ని దులిపి మల్ల పెట్టు."

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు దేవదాస్ విసుగ్గా.

ఆమె కొంగు నడుముకు దోపుకుని మొదటి కుండీలోంచి కాడలు బయటికి తీయడం మొదలుపెట్టింది. దేవదాస్ కాసేపు చూసి, రెండో కుండీ దగ్గర తనూ కూర్చున్నాడు.